రెప్పపాటుకూ ఒక చట్టం

హైదరాబాద్ నుంచి లండన్‌కో రీడింగ్‌కో బదిలీ మీద వెళ్లిన మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, చేరిన కొత్తలోనే ఒక మెయిల్ వస్తుంది: డీఎస్ఈ అసెస్‌మెంట్ నింపండి అని. డిస్‌ప్లే స్క్రీన్ ఎక్విప్‌మెంట్‌కు అది పొట్టి పేరు. లోపలి ప్రశ్నలు చూస్తే, ఇవి కూడా అడుగుతారా అనిపిస్తుంది. కుర్చీ వీపుపలక ఎత్తు, వాలు మార్చుకోగలుగుతున్నారా? పాదాలు నేలకు పూర్తిగా ఆనుతున్నాయా? కీబోర్డు ముందు చేతులు ఆనించుకునే జాగా ఉందా? తెర మీద కిటికీ వెలుతురు పడి మెరుస్తోందా? చాలామంది కాఫీ తాగుతూ అన్నిటికీ ‘ఎస్’ కొట్టేసి పని కానిచ్చేస్తారు. ‘నో’ కొట్టినవాళ్లకే దాని బలం తెలుస్తుంది. అక్కడ ఆ జవాబు గొణుగుడు కింద రాదు. ఆ లోటు సరిచేయాల్సిన బాధ్యత కంపెనీ మెడకు చుట్టుకుంటుంది.

ఆ ప్రశ్నల వెనక ఉన్నవి బ్రిటన్ 1992లో చేసిన తెర పరికరాల నిబంధనలు. 1993 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటికి మూలం 1990 మే 29న అప్పటి ఐరోపా సమాజం ఆమోదించిన 90/270 నంబరు ఆదేశం. తర్వాత బ్రిటన్ ఐరోపా కూటమి నుంచి బయటికొచ్చినా ఈ నిబంధనలు మాత్రం ఉండిపోయాయి. రోజూ, ఏకబిగిన గంటో అంతకంటే ఎక్కువసేపో తెర ముందు పనిచేసే ఉద్యోగులందరికీ అవి వర్తిస్తాయని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ వివరణ. యజమాని ముందుగా ఉద్యోగి కూర్చునే చోటును పరిశీలించాలి, కనబడ్డ ముప్పును తగ్గించాలి, మధ్యమధ్య విరామమో పని మార్పో ఉండేలా రోజును అల్లాలి, అడిగితే కంటి పరీక్ష చేయించాలి, ఎలా కూర్చోవాలో ఏది ఎలా సర్దుకోవాలో నేర్పాలి. స్థూలంగా ఇంతే.

వింత ఏమిటంటే ఈ నిబంధనల్లో సెంటీమీటర్లు లేవు, నిమిషాలు లేవు. తెర ఇన్ని అంగుళాల ఎత్తులో ఉండాలని గానీ, గంటకు ఇన్ని నిమిషాలు లేవాలని గానీ ఎక్కడా రాయలేదు. మార్చుకునే వీలుండాలి, తిప్పుకునే వీలుండాలి, ఆపుకునే వీలుండాలి అనే ఉంటుంది వరసగా. రాసినవాళ్ల బద్ధకం కాదది. మనిషి ఒంటికి ఇదీ సరైన భంగిమ అని ఒకటి లేదనీ, ఎంత మంచి భంగిమైనా గంటల తరబడి కదలకుండా ఉంచితే చెడ్డదే అవుతుందనీ గ్రహించి రాసినట్టుంటుంది. ఒక్కొక్క నిబంధననూ పట్టుకుని ఒంట్లోకి వెళ్తే ఈ సంగతే బయటపడుతుంది.

అన్నీ అంత తెలివైనవేమీ కావు. కంటికి కనబడే వెలుగు తప్ప తెర నుంచి వచ్చే రేడియేషన్ అంతా నామమాత్రానికి తగ్గించాలి అన్న నియమం ఆ రోజుల భయానికి గుర్తు. అప్పటి మానిటర్లు గాజు గొట్టాలవి, వెనక పెద్ద బుర్రతో టేబుల్ సగం ఆక్రమించేవి. వాటి ముందు కూర్చున్న గర్భిణులకు గర్భస్రావాలు అవుతాయని 1980లలో అమెరికా, కెనడాల్లో పెద్ద గగ్గోలు లేచింది. చివరికి 1991లో టెలిఫోన్ ఆపరేటర్ల మీద అమెరికా ప్రభుత్వ పరిశోధకులు చేసిన అధ్యయనం వచ్చింది. తెర ముందు పనిచేసిన వాళ్లలోనూ తెర లేకుండా అలాంటి పనే చేసిన వాళ్లలోనూ గర్భస్రావాలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయని తేలింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మానిటర్‌కు నల్ల అద్దం తగిలించిన రోజులు గుర్తున్నవాళ్లు ఆ భయం మన దాకా ఎలా వచ్చిందో ఊహించుకోవచ్చు. ఇప్పటి పలచటి తెరల విషయంలో ఆ నియమానికి పనే లేదు.

ఇక కన్ను. కన్నార్పకుండా చూడటం అంటాం కదా, తెర ముందు కూర్చున్న మనిషి సరిగ్గా ఆ పనే చేస్తాడు. జపాన్‌లో సుబోటా, నకమోరి అనే ఇద్దరు వైద్యులు ఆఫీసు ఉద్యోగుల రెప్పపాట్లు లెక్కపెట్టి 1993లో ఒక వైద్య పత్రికకు లేఖ రాశారు. ఊరికే తీరిగ్గా కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ తెర చూసేటప్పుడు 7 సార్లు. అంటే మూడు సెకన్లకోసారి పడాల్సిన రెప్ప ఎనిమిది తొమ్మిది సెకన్లకోసారి పడుతోంది.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కంటిపాప ముందు పరుచుకునే కన్నీటి పొరను చూడాలి. అందులో అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన సన్నటి నూనె తెట్టు ఉంటాయి. నూనె రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వస్తుంది, రెప్ప పడిన ప్రతిసారీ కాస్త ఊరి పైన పరుచుకుంటుంది. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెలా అది కింది తడిని కాపాడుతుంది. రెప్ప వేయకుండా ఉంటే ఈ పొర అక్కడక్కడా చిట్లిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కంటిలో అలా చిట్లడానికి పది సెకన్లో ఇంకాస్త ఎక్కువో పడుతుంది; పది కంటే తక్కువైతే డాక్టర్లు అనుమానంగా చూస్తారు. ఎనిమిది తొమ్మిది సెకన్లకోసారి రెప్ప వేస్తూ, ఏసీ గాలి నేరుగా మొహాన కొట్టే సీట్లో కూర్చుంటే పొర చిట్లాకగానీ రెప్ప పడదు. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉండటం, మంటలు, ఆ పైన విచిత్రంగా కళ్లు నీళ్లు కారడం దాని ఫలితాలే. ఎండిన కన్ను గోల పెడితే కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. కళ్లు నీళ్లు కారుతుంటే పొడిబారాయంటారేమిటి అని డాక్టర్‌ని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఐరోపా ఆదేశంలో గదిలో తగినంత తేమ ఉండాలని ఒక వాక్యం ఉంది. సర్వర్లకు చల్లదనం కావాలని అందరికీ తెలుసు గానీ కళ్లకు తేమ కావాలని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

తెర ఎంత ఎత్తులో ఉండాలన్న దానికీ కన్నీటికీ సంబంధం ఉంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివేటప్పుడు చూపు కిందికి ఉంటుంది, పై రెప్ప సగం దిగి ఉంటుంది, గాలి తగిలే కంటి మేర తగ్గుతుంది. తెర ఎత్తుగా ఉంటే కళ్లు విప్పార్చి చూడాలి, ఆవిరయ్యే మేర పెరుగుతుంది. అందుకే తెర పై అంచు కళ్ల మట్టానికో కాస్త కిందికో ఉంచమంటారు. మరీ కిందికి దింపితే కన్ను సుఖపడి మెడ బలైపోతుంది. ల్యాప్‌టాప్‌లో జరిగేది అదే, దాని దగ్గరికి వస్తాను.

ఉచిత కంటి పరీక్ష అన్న నియమం సంక్షేమ పథకంలా వినిపిస్తుంది గానీ దాని వెనక లెక్క వేరు. దూరం చూసేటప్పుడు కంటి కటకం పలచగా ఉంటుంది. దగ్గరికి చూడాలంటే చుట్టూ ఉన్న చిన్న కండరం బిగిసి దాన్ని ఉబ్బెత్తు చేయాలి. అర మీటరు దూరంలోని తెర కోసం రెండు డయాప్టర్ల మేర అలా బిగబట్టాలి, రోజంతా. ఇరవైల్లో అది తెలియదు. నలభై దాటాక కటకం గట్టిపడి చత్వారం వస్తుంది, ఎంత బిగించినా చాలదు. అప్పుడు చేయించుకునే మామూలు అద్దాల్లో దూరానికొకటి పైన, పేపరు చదవడానికొకటి కింద ఉంటాయి. తెర ఉండేది ఆ రెండింటికీ మధ్య, చేయి చాపినంత దూరంలో. ప్రోగ్రెసివ్ అద్దాలతో ఆ మధ్య దూరాన్ని పట్టుకోవడానికి మనిషి గడ్డం పైకెత్తి, మెడ వెనక్కి విరిచి చూస్తాడు. ఆఫీసులో ఒకసారి చుట్టూ చూడండి. నలభై ఐదేళ్ల మేనేజర్ల మెడనొప్పిలో ఎంతో కొంత కళ్లజోడు తెచ్చిపెట్టినదే. తెర దూరానికే కొలిచి ఇచ్చే అద్దాలు వేరే ఉంటాయి. మామూలు అద్దాలతో పని జరగదని పరీక్షలో తేలితే ఆ ప్రత్యేక అద్దాల ఖర్చు యజమానిదే.

ఈ ఖర్చు మీద ఒక కేసు ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. రొమేనియాలో క్లూజ్ నగరంలోని వలసల శాఖ ఉద్యోగి ఒకరు, తెర పని వల్ల చూపు బాగా తగ్గిందని చెప్పి అద్దాలకైన 2,629 లెయిలు తిరిగి ఇమ్మన్నారు. శాఖ కుదరదంది. 2022 డిసెంబర్ 22న న్యాయస్థానం తీర్పు చెప్పింది. తెర పనికి సంబంధించిన చూపు ఇబ్బందుల కోసం ఇచ్చిన కళ్లజోడు చట్టం చెప్పే ప్రత్యేక సాధనాల్లోకి వస్తుంది, ఆఫీసులో మాత్రమే పెట్టుకోవాలన్న షరతు లేదు. యజమాని అద్దాలు కొనైనా ఇవ్వాలి, ఖర్చైనా తిరిగి ఇవ్వాలి. అందరికీ కలిపి ఇచ్చే జీతం అలవెన్సులో అది కూడా ఉందిలే అంటే చెల్లదు. ఈ చివరి ముక్క మన పేస్లిప్పులు చదివేవాళ్లకు చప్పున అర్థమవుతుంది.

అన్నట్టు, బ్లూ కట్ అద్దాలు. కళ్లజోళ్ల షాపులో ప్రతి ఒక్కరికీ అంటగడుతున్న ఆ నీలి మెరుపు అద్దాలు కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం బలహీనం. 17 ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2023లో, మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల స్వల్పకాలంలో తెర అలసట తగ్గకపోవచ్చునని తేల్చింది. ఆ డబ్బు తెర దూరానికి సరైన నంబరు చూపించుకోవడానికి పెట్టుకుంటే నయం.

కళ్లు దాటి మెడ దగ్గరికొస్తే కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మౌస్ పట్టుకోవడానికి బలం ఏపాటి కావాలి? దాదాపు ఏమీ అక్కర్లేదు. మూటలు మోసేవాడి భుజం నొప్పంటే అర్థముంది, వేలితో క్లిక్ కొట్టేవాడికి భుజాలెందుకు లాగుతాయి? చాలాకాలం డాక్టర్లకూ అంతుపట్టని ప్రశ్న ఇది. 1991లో స్వీడన్‌కు చెందిన యోరాన్ హెగ్ ఒక ఊహ ముందుకు తెచ్చారు, దానికి సిండ్రెల్లా సిద్ధాంతమని పేరు. కండరంలోని తంతువులు గుంపులు గుంపులుగా పనిచేస్తాయి. కొద్దిపాటి బలం కావాలంటే ముందు చిన్న గుంపులు లేస్తాయి, ఇంకా కావాలంటే పెద్దవి. బలం అక్కర్లేనప్పుడు పెద్దవి ముందు విశ్రమిస్తాయి, చిన్నవి ఆఖరున. తెల్లారగట్ల అందరికంటే ముందు లేచి రాత్రి అందరూ పడుకున్నాక పడుకునే సవతి కూతురి బతుకు వాటిది. మెడ వెనక నుంచి భుజాల మీదికి పరుచుకున్న ట్రపీజియస్ అనే కండరంలో, మౌస్ కోసం చేయి ముందుకు చాపి ఉంచినంతసేపూ ఆ చిన్న తంతువులే బిగిసి ఉంటాయి. పక్కనున్న పెద్దవి ఖాళీగా ఉన్నా సాయానికి రావు. కండరం మొత్తం మీద భారం కొద్దిగానే కనిపిస్తుంది, ఆ కాసిని తంతువులకు మాత్రం ఊపిరాడదు.

నార్వేలో చాక్లెట్లు ప్యాక్ చేసే మహిళల కండరాల్లోని విద్యుత్ సంకేతాలను కొలిచినప్పుడు దీనికి దగ్గరి సంగతే కనబడింది. పని మధ్యలో కండరం క్షణంపాటు పూర్తిగా సడలే చిన్నచిన్న ఖాళీలు ఎవరిలో తక్కువగా ఉన్నాయో, నొప్పులు వాళ్లలోనే ఎక్కువగా వచ్చాయి. బలం ఎంత వాడామన్నది కాదు, ఎన్నిసార్లు వదిలామన్నది లెక్క.

విరామం నియమానికి ఇంతకంటే మంచి వివరణ నాకు కనబడలేదు. హెచ్ఎస్ఈ సలహా ప్రకారం రెండు గంటలకోసారి 20 నిమిషాల కంటే, గంటకోసారి 5 నుంచి 10 నిమిషాలు మేలు. జపాన్ కార్మిక శాఖ మార్గదర్శకాలు ఇంకాస్త కచ్చితం: ఏకబిగిన గంట దాటకూడదు, మధ్యలో 10 నుంచి 15 నిమిషాల ఆట విడుపు ఉండాలి, ఆ గంట లోపల కూడా ఒకటి రెండుసార్లు కాసేపు ఆపాలి. విరామం అంటే ఫోన్ తీసి రీల్స్ చూడటం అని ఎవరూ రాయలేదు. లేచి ప్రింటర్ దాకా వెళ్లడం, ఫోన్ కాల్ నిలబడి మాట్లాడటం కూడా దాని కిందికే వస్తాయి. పని మారితే చాలు.

పని దెబ్బతింటుందన్న బాస్‌ల భయానికీ జవాబుంది. అమెరికా ఆదాయపు పన్ను శాఖలో డేటా ఎంట్రీ ఆపరేటర్ల మీద ప్రభుత్వ పరిశోధకులు చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉన్న పాత పావుగంట విరామాలకు తోడు, విరామం లేని ప్రతి గంటకూ 5 నిమిషాలు చేర్చారు, రోజుకు మొత్తం 20 నిమిషాలు అదనం. ఒళ్లు నొప్పులు, కళ్ల అలసట తగ్గాయి. టైప్ చేసిన పని మాత్రం తగ్గలేదు.

కుర్చీ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే కుర్చీ అమ్మేవాళ్లు దీని గురించి ఎలాగూ ఎక్కువే చెబుతారు. మన వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులకు పెద్దయ్యాక రక్తనాళాలుండవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషకాలే వాటికి ఆధారం, ఒత్తిడి మారుతుండటం అందుకు తోడ్పడుతుంది. అందుకే చట్టం కదిలే కుర్చీ అడిగింది, నిటారు కుర్చీ అడగలేదు. పోస్టర్లలో చూపించే తొంభై డిగ్రీల బొమ్మలా బిగదీసుకు కూర్చోవడం కంటే కాస్త వెనక్కి వాలితే డిస్కు మీద ఒత్తిడి తగ్గుతుందని స్వీడన్ పరిశోధకులు 1970లలోనే కొలిచి చూపారు.

అయితే ఒక చిన్న వస్తువు దగ్గర కాస్త ఆగాలి, కాళ్ల కింద పెట్టుకునే పీట. మన ఆఫీసు టేబుళ్ల ఎత్తు ఎక్కువగా మారదు. అయిదడుగుల అమ్మాయి మోచేతులు కీబోర్డు మట్టానికి రావాలంటే కుర్చీ పైకి లేపుకోవాలి. లేపితే పాదాలు నేల వదిలేస్తాయి. కుర్చీ అంచు తొడ కింద నొక్కుకుంటుంది, సాయంత్రానికి కాళ్లు బరువెక్కి తిమ్మిర్లు. దింపితే భుజాలు చెవుల దాకా లేస్తాయి, మళ్లీ ఆ ట్రపీజియస్ మీదే పడుతుంది. ఎటు సర్దుకున్నా ఎక్కడో ఒకచోట బాధ తప్పదు, పీట ఒకటి ఉంటే తప్ప. కోరిన ప్రతి ఒక్కరికీ పాదపీఠం ఇవ్వాలని ఐరోపా ఆదేశం అందుకే రాసింది. మన దగ్గర ఆ అమ్మాయిలు సీపీయూ డబ్బా మీదో, టేబుల్ కింద అడ్డకమ్మీ మీదో కాళ్లు పెట్టుకుని నెట్టుకొస్తున్నారు.

ల్యాప్‌టాప్ ఈ నిబంధనలన్నిటినీ ఒక్క దెబ్బతో వెక్కిరిస్తుంది. కీబోర్డు తెర నుంచి విడిగా ఉండాలన్నది 1990 నాటి నియమం. ల్యాప్‌టాప్‌లో రెండూ ఒక మడత బందుతో అంటుకుని ఉంటాయి. తెర కళ్లకు సరిపెడితే చేతులు గాల్లోకి లేస్తాయి, చేతులకు సరిపెడితే తల వంగుతుంది. అయిదు కిలోల తల ముప్పై డిగ్రీలు వంగితే మెడ మీద పడే భారం 18 కిలోల దాకా ఉంటుందని 2014లో ఒక వెన్నెముక సర్జన్ కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. నమూనా లెక్కే కాబట్టి అంకెను పట్టుకుని వేలాడక్కర్లేదు. దిశ మాత్రం నిజం. కాసేపు వాడే వాటికి మినహాయింపు ఉంది గానీ గంటల తరబడి వాడితే ల్యాప్‌టాప్‌కూ బ్రిటన్ నిబంధనలు వర్తిస్తాయి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకూ వర్తిస్తాయి. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. ఎత్తుకు ఒక స్టాండు (నాలుగు లావుపాటి పుస్తకాలైనా సరే), విడిగా ఒక కీబోర్డు, ఒక మౌస్. మంచం మీద దిండు ఒళ్లో పెట్టుకుని చేసే పనికి మాత్రం ఏ స్టాండూ సాయపడదు.

ఐరోపా ఆదేశం అనుబంధంలో, కుర్చీలూ కీబోర్డులూ అయిపోయాక, చివర్లో ఒక వాక్యం దాగుంది. ఉద్యోగికి తెలియకుండా అతని పని పరిమాణాన్నిగానీ నాణ్యతనుగానీ తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ వాడకూడదు. ఆరోగ్య నిబంధనల్లో నిఘా సంగతేమిటి? ఇటలీ వైద్యుడు బెర్నార్దీనో రమజ్జీని 1713లో తన వృత్తి రోగాల గ్రంథాన్ని పెంచి వేసినప్పుడు లేఖకుల జబ్బులకు మూడు కారణాలు రాశాడు: ఎప్పుడూ కూర్చునే ఉండటం, చేయి ఒకే కదలిక కదపడం, లెక్క తప్పుతుందేమోనన్న మనసు బిగింపు. మూడోది అతిశయోక్తి కాదని ఇప్పటి ప్రయోగాలు చూపాయి. చేతికి ఏ పనీ లేకపోయినా మనసు ఒత్తిడిలో ఉంటే చాలు, ట్రపీజియస్‌లోని ఆ చిన్న తంతువులే బిగిసిపోతాయి. మౌస్ కదలకపోతే ‘అవే’ (సీట్లో లేడు) అని చూపించే ట్రాకర్ల కింద పనిచేసేవాడు నీళ్లు తాగడానికి లేవాలన్నా వెనకాడతాడు. విరామం ఇచ్చామని కాగితం మీద రాసుకున్న కంపెనీయే దాన్ని ఇంకో చేత్తో లాగేసుకుంటుంది.

ఈ రక్షణ అన్నిచోట్లా లేదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికాలో పని భంగిమలు, శ్రమ మీద 2000 నవంబర్‌లో ఒక జాతీయ ప్రమాణం తెచ్చారు. 2001 మార్చిలో కాంగ్రెస్ రద్దు చేసింది, కొత్తగా వచ్చిన అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టాడు. ఆ తర్వాత దాని చోట మరొకటి రాలేదు.

మన దేశంలో తెర పని కోసమని ప్రత్యేకమైన చట్టం లేదు. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చింది. గాయానికో వృత్తి రోగానికో దారితీసే ప్రమాదాలు లేకుండా పనిచోటును ఉంచడం యజమాని విధి అని దాని ఆరో సెక్షన్ చెబుతుంది. వాక్యం విశాలమైనదే, మెడనొప్పి కూడా అందులో పట్టాలి. అదే కోడ్ చివర ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితా తిరగేస్తే సీసం విషం, సిలికోసిస్, మోత వల్ల వచ్చే చెవుడు ఉంటాయి. తెర ముందు పట్టేసిన మెడ, ఎండిపోయిన కన్ను లేవు. ఫలితంగా లండన్‌లో ఒకరు, హైటెక్ సిటీలోనో మధురవాడలోనో మరొకరు ఒకే ప్రాజెక్టు మీద, ఒకే కంపెనీ బ్యాడ్జి వేసుకుని పనిచేస్తుంటే, లండన్ వాడికి పాదపీఠం హక్కు, ఇక్కడివాడికి అది హెచ్ఆర్ దయ. ఇక్కడ ఎర్గోనామిక్స్ అంటే ఏడాదికోసారి ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించి, నిటారుగా కూర్చోండి, మెడ తిప్పండి అని ఉద్యోగికి చెప్పించడమే. కుర్చీ సంగతి, టార్గెట్ల సంగతి ఆ గంటలో రావు.

అయినా బహుళజాతి సంస్థల్లో చాలావాటికి తమ దేశం కోసం రాసుకున్న పాలసీ కాగితం ఒకటి ఉంటుంది, ఇంట్రానెట్‌లో ఎక్కడో. మెడ పట్టేసిందని టికెట్ పెడితే డాక్టర్ చీటీ తెమ్మంటారు. బ్రిటన్ ఆఫీసుకు వాడే డీఎస్ఈ ఫారమే నాకూ పంపించండి అని అడిగితే కాదనడానికి వాళ్లకు కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. ఫారం వస్తే మాత్రం అన్నిటికీ ‘ఎస్’ కొట్టకండి.